తులం

సాల్మియాలో ఆరో అంతస్తు.
కిటికీ అవతల సముద్రం
ఇస్త్రీ చేసి పరిచినట్టు ఉంటుంది, దుమ్ము లేచిన రోజు తప్ప.
మోరాగమ్మను మంచం మీంచి కుర్చీలోకి ఎత్తడం నా పని.
పొద్దున ఒకసారి, పగలు రెండుసార్లు,
రాత్రిపూట లెక్కలేదు.

చంకల కింద చేతులేసి ఒకటి, రెండు అంటానా,
మూడు అనేలోగా ఆమె అంటుంది:
థోల్.
మొదట్లో తువ్వాలు అడుగుతాందేమో అని
పరిగెత్తి తెచ్చిచ్చినా.
నవ్వింది, దగ్గింది,
నా చేత పలికించింది.

నాలుక కొసను పళ్ళ నడుమ పెట్టాల,
గాలి మెల్లిగా వదలాల.
ఎదురు చెప్పబోయి నాలుక కరుచుకున్నట్టే.
ఇది నాకు కొత్త కాదమ్మా అన్నాను.
అర్దియాలో తొలి రెండేండ్లు
ఆ ఇంట్లో నేను పలికిందంతా ఇదే.

ఓర్చుకోవడమంట దానర్థం.
పుస్తకాలు ఎప్పుడో
చచ్చిన మాటల్లో రాసేసినాయంట.
స్కాట్లాండులో వాళ్ళమ్మ మాత్రం
చేపలు కోసి కోసి పగిలిన చేతులకు
ఉప్పు తగిలిన ప్రతిసారీ అనేదంట.
చచ్చినదైతే అంత మంటలో ఎందుకు నోటికొస్తాది
అంది మోరాగమ్మ.

నాకు సంబరమైంది.
మాకూ ఉండాది ఆ మాట, తాళు!
తొలి కాన్పుకు రాయచోటి ఆసుపత్రిలో
మా పెద్దమ్మ నెత్తి నిమురుతా
తెల్లార్లూ అన్నది అదే,
తాళు తల్లీ, తాళు.
థోల్, తాళు. అక్కాచెల్లెళ్ళే గదా!

ఇటుకంత నిఘంటువును ఒళ్ళో పెట్టించుకుని
భూతద్దం ఆనించి
శానాసేపు వెతికింది. కాదంది.
పోలికే గానీ రక్తం కాదు.
బస్సులో ఎదురు సీట్లో
మన చెల్లెలి ముక్కు, మన చెల్లెలి నవ్వు,
పలకరిస్తే సింహళంలో జవాబు.
అట్లా చిన్నబోయినా.

ఆగు, ఇంకా ఉందంది.
వేలు వరస దిగుతా పోయింది
లాటిను, గ్రీకు,
చిట్టచివర సంస్కృతం.
ఓర్చుకోవడం తర్వాత చేరిన అర్థమంట.
మొదట్లో ఎత్తడం, మోయడం,
ఎత్తి బరువు చూడడం.
తులా, అని సాగదీసి చదివి
మీ ఇండ్లల్లో ఉందా ఇది, అనడిగింది.

రవికలోంచి చిన్న పర్సు తీసి
ముబారకియా బంగారం కొట్టు రసీదు చూపించినా.
దాంట్లో గ్రాములని ఉంటుంది,
మేము చదివేది తులాలనే.
మూడు తులాలు. ఏడేండ్లు.
కాటా మీద ఎర్ర అంకెలు నిలబడే దాకా
నేను బిగబట్టిన ఊపిరి
రసీదులో ఎక్కలేదు.

తులానికి ఎన్నిసార్లు ఎత్తావు నన్ను?
పెన్సిలు తీసుకుని
అట్ట లోపల లెక్క మొదలుపెట్టింది.
తెగలేదు. నిద్రపోయింది.

ఇంకో రోజు అడిగింది,
ఓర్పుకూ బలానికీ వేరువేరు మాటలా మీకు?
ఓపిక అని ఒకటుందమ్మా, రెండింటికీ వస్తాది.
మెట్లెక్కలేనప్పుడు ఓపిక లేదంటాం,
కసురుకున్నాకా అదే అంటాం.
ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది,
రెండు తప్పులతో.

వారం వారం తేలికైపోతాంది.
నా నడుముకు సుఖమే.
ఆ సుఖం నాకేం నచ్చలేదు.

నిన్న రాత్రి మూడు గంటలప్పుడు
చంకల కింద చేతులేసి
ఒకటి, రెండు, అన్నాను.
ఆమె నాలుక కొసను పళ్ళ నడుమ పెట్టి
థాళు, అంది.
రక్తం కాదని తేల్చింది తనే గదా.

కుర్చీలో కూర్చున్నాక
తువ్వాలు కూడా అడిగింది,
ఈసారి నిజంగానే.